ఎర్రకారు గిరిలంఘన వృత్తాంతం

నెమలికి అంత పింఛమిచ్చి, అది దేనికని అడగబోయిన వాళ్ళ నోళ్ళను ఆ పింఛంతోనే మూయించిన సర్వేశ్వరుడికి ముందుగా ప్రణామం. ఆదివారమైనా సెలవు పెట్టకుండా పనిలోకి దిగే సూర్యభగవానుడికి ఆ వెనక ప్రణామం. ఆ భానుకిరణాలు మొదట బేకరీ రేకుల కప్పు మీదా, తరువాత కరెంటు స్తంభానికి చిక్కుపడ్డ తీగల మీదా, ఆ మీదట వీధి మొగదల అడ్డంగా పడుకున్న వేగభంజన మహాగిరి మీదా వరసగా వాలుతుండగా, ఆకాశంలో మబ్బుతునక లేని వేళ, బేకరీలో మొదటి వాయి రొట్టెలు దిగిన వేళ, ఒక గృహస్థు తన సొంత కారును తన సొంత ఇంటికి చేర్చుకోవడానికి చేసిన సంగ్రామం ఇక్కడ వర్ణించబడుతున్నది. గుండె దిటవు లేనివారు ఇప్పుడే లేచి వెళ్ళవచ్చు.

వేగభంజన మహాగిరి ఏ దేశపు పర్వతమని వెతుక్కోనక్కరలేదు. జనం దాన్ని స్పీడు బ్రేకరంటారు.

ఇక నాయకుడి సంగతి. ఆయన దంతశిల్పి. పళ్ళ డాక్టర్లు పీకేసిన చోట మళ్ళీ పళ్ళు నిలబెట్టే కట్టుడుపళ్ళ విద్యలో ఆరితేరినవాడు, శిథిలవదన పునరుద్ధారకుడు, అప్పడం కొరకలేక అలమటించిన ఎందరో వృద్ధులకు మళ్ళీ కరకరలాడే భాగ్యం ప్రసాదించిన పుణ్యాత్ముడు. పళ్ళ ఆసుపత్రి వెనక కిటికీ ఒక్కటే ఉన్న గదిలో ఆయన పొద్దస్తమానం కూర్చుని మైనం కరిగించి, అచ్చు పోసి, అరగదీసి, నునుపు చేస్తుంటే, చుట్టూ అరల నిండా ప్లాస్టరు దవడలు నోళ్ళు తెరుచుకుని ఆయన వంకే చూస్తూ ఉండేవి. విశాలమైన వక్షం, అంతకంటే విశాలమైన ఉదరం, వెంట్రుకవాసి ఎత్తును కూడా వేలికొసతో పసిగట్టే నేర్పు ఆయన సొత్తు. ఆ నేర్పు ఈ కథలో ఆయన్ను ఒకసారి ముంచి, ఒకసారి తేల్చింది.

యవ్వనంలో ఒక వానరోజున ఆయన బస్సు కోసం నిలబడి ఉండగా, నేలను ముద్దాడుతున్నంత పొట్టిగా, పండుమిరపకాయంత ఎర్రగా, సింహగర్జనకూ పిల్లికూతకూ మధ్య ఎక్కడో ఉండే శబ్దం చేస్తూ ఒక స్పోర్ట్స్ కారు పక్కనుంచి దూసుకుపోయి, రోడ్డు మీది బురదనంతా ఆపాదమస్తకం ఆయనకు అభిషేకించింది. పక్కన తడిసినవాళ్ళందరూ ఆ కారువాడి ఏడుతరాలనూ తిట్టారు. ఈయన మాత్రం కనురెప్ప మీద బురదబొట్టు జారుతున్నా తుడుచుకోకుండా, అది మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాడు. అప్పుడు పట్టిన పట్టు ఇక వదల్లేదు.

పట్టు పట్టడం వేరు, కొనడం వేరు. ఇంటికి రావలసిన జీతంలో ఏనాడూ కోత పెట్టక, సాయంత్రాలు వేరే డాక్టర్ల కోసం విడిగా పళ్ళు చేసి, ఆ విడి సంపాదన మాత్రమే విడిగా దాచి, స్కూటరు సీటు చిరిగితే నల్లటేపు అంటించి, చెప్పు అరిగితే అట్ట వేయించి, జుట్టు రాలిపోతుంటే క్షవరం ఖర్చు తగ్గిందని లోలోపల సంతోషించి, అలా ఏళ్ళూ పూళ్ళూ తపస్సు చేసిన మీదట, ఎన్నో చేతులు మారి ముసలిదైన ఒక ఎర్రకారు ఆయన వశమైంది. రెండే సీట్లు. మడిచి వెనక్కి పెట్టేసే గుడ్డకప్పు. ముందు దీపాలకు రెప్పలు, మీట నొక్కితే లేచి తెరుచుకునేవి. కానీ ఎడమరెప్ప సగంలో ఆగిపోయేది. అందువల్ల ఆ కారు ఎదురుపడిన ప్రతివాడికీ కన్ను కొడుతున్నట్టుండేది.

"వారంలోపు వద్దనుకుంటే నాకే ఇచ్చేయండి సార్. ఇంకొకాయన కాచుకుని కూర్చున్నాడు," అన్నాడు అమ్మిన మెకానిక్కు. అది భరోసా కోసం అన్న మాట. తరువాత అదే కత్తిలా వేలాడింది.

ఎందుకంటే, కారు కొన్న ఆ సోమవారం సాయంత్రం మన వీరుడు కప్పు తీసి, మీద మిగిలిన నాలుగు వెంట్రుకలూ గాలికి లేస్తుండగా, జయజయధ్వానాలు తనకు మాత్రమే వినిపిస్తుండగా, సొంత వీధి మొగదలకు వచ్చి వేగభంజనగిరిని ఎక్కబోయేసరికి, కారు పొట్ట కింద "గర్ర్" మని ఒక శబ్దం వచ్చింది. చేటలో రాళ్ళు గీకినట్టుండే ఆ శబ్దం ఆయన వెన్నులోంచి పాకి, పై దవడ దాకా వచ్చింది. వెనక్కి తీశాడు. మళ్ళీ ఎక్కబోయాడు. మళ్ళీ గర్ర్. తన కారుకీ తన ఇంటికీ మధ్య, ఒక మనిషి అరటిపండు వొలుచుకుని తినేలోపు నడిచేంత దూరం. ఆ దూరానికి తలుపు వేసి గడియ పెట్టినట్టు ఆ గిరి పడుకుని ఉంది.

దాన్ని అక్కడ పడుకోబెట్టినవాడు ఎవడు? ఎవడా దుర్మార్గుడు? వీధి సంఘం కార్యదర్శి. వీధి సంఘం కార్యదర్శి ఎవరు? ఈయనే.

కొన్నేళ్ళ కిందట వాళ్ళ అత్తగారు రొట్టె కొనుక్కుని వస్తూ వీధి దాటుతుండగా ఒక మోటారుసైకిలు ఆమె చేతిసంచీని తగిలించుకుని పోయింది. ఆమెకు దెబ్బ తగల్లేదు గానీ రొట్టె కాలవలో పడింది. అల్లుడికి ఎక్కడలేని ఆగ్రహం వచ్చింది. ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగి, అడిగిన ప్రతి సంతకం పెట్టించి, స్పీడు బ్రేకరు మంజూరు చేయించాడు. రోడ్డు పనివాళ్ళు వచ్చి ఓ మోస్తరుగా వేశారు. మన దంతశిల్పి పక్కనే నిలబడి, వంగి, ఒక కన్ను మూసి చూసి, "ఇంకొంచెం," అన్నాడు. వేశారు. "ఇంకొంచెం." వేశారు. "సార్, ఇది స్పీడు బ్రేకరా, ఆనకట్టా?" అన్నాడు మేస్త్రీ. "ఇంకొక్క వేలు మందం," అన్నాడు వీరుడు.

ఆ ఒక్క వేలు మందమే ఇప్పుడు ఆయన కారు పొట్టలో దిగింది.

*

కారును బేకరీ ముందే వదిలి, కాలినడకన ఇంటికొచ్చిన మహారథికి ధర్మపత్ని ఎదురైంది. ఆమె ప్రసూతి వార్డులో పెద్ద నర్సు. ఆమె గొంతు విని పుట్టకుండా మొరాయించిన బిడ్డ ఇంతవరకూ లేడు. ఆ గొంతుతోనే, కానీ మెల్లగా, కుర్చీ లాక్కుని కూర్చుని అడిగింది.

"డబ్బు మీ విడి సంపాదన, దాని జోలికి నేను రాను. కానీ ఒక్కటి చెప్పండి. ఎందుకు?"

వీరుడు సిద్ధంగానే ఉన్నాడు. తర్కశాస్త్రమనే అమ్ములపొదిలోంచి బాణాలు తీయడం మొదలుపెట్టాడు.

"టైము కలిసొస్తుంది."

"ఆసుపత్రికి మీరు నడిచి వెళ్తారు కదండీ. ఇంకా ఎక్కడ కలిసొస్తుంది?"

"పెట్టుబడి అనుకో. ఇలాంటివి పాతబడేకొద్దీ విలువ పెరుగుతుంది."

"మీరూ పాతబడుతున్నారు. నాకేం తేడా కనబడలేదు."

"కుటుంబమంతా కలిసి సరదాగా అలా..."

"మనం ముగ్గురం. సీట్లు రెండు. అమ్మని డిక్కీలో పెడదామా?"

లోపలి గదిలోంచి అత్తగారి గొంతు వినిపించింది. "డిక్కీలో గాలాడుతుందా, అమ్మాయ్?"

ఈ అత్తగారి గురించి ఒక మాట. ఆమె నోట్లో ఉండే పళ్ళు అల్లుడు చేసినవే. కానీ ఆమె వాటిని అస్తమానం పెట్టుకునేది కాదు. కిటికీ అరుగు మీద గిన్నెలో నీళ్ళల్లో ఉంచేది. తినడానికీ, మరీ ముఖ్యమైన మాట చెప్పడానికీ మాత్రమే పెట్టుకునేది. అందుకే ఆమె పళ్ళతో బయటికి వస్తే ఇంట్లో అందరూ మాట్లాడటం ఆపేసేవారు. ఇప్పుడు డిక్కీ గురించి అడిగింది మాత్రం పళ్ళు లేకుండానే.

వీరుడు ఆఖరి బాణం తీశాడు.

"పోనీ, హాబీ. మనిషన్నాక ఒక హాబీ ఉండొద్దా?"

"హాబీ అంటే బీరువాలో పట్టాలండీ. కొందరు స్టాంపులు దాచుకుంటారు, కొందరు చేపల్ని పెంచుకుంటారు."

"ఇదీ పెంచుకునేదే."

"అయితే ఇంట్లో పెంచండి. బేకరీ ముందు కాదు." ఆమె లేచి నిలబడింది. "ఆదివారం పొద్దుగూకేలోపు అది మన గేటు లోపల ఉండాలి. లేకపోతే ఆ మెకానిక్కుకే ఇచ్చేయండి. దేనికో మీకే తెలియని వస్తువును వీధిలో వదిలి, రోజూ కిటికీలోంచి చూస్తూ కూర్చుంటారా?"

అప్పుడా ధీరుడు గుండె నిబ్బరంతో, "ఓ గృహలక్ష్మీ! గిరులు అడ్డమొచ్చినా, సముద్రాలు పొంగినా, నా అరుణరథం నీ ప్రాంగణంలో అడుగుపెట్టి తీరుతుంది! ఇదే నా ప్రతిజ్ఞ!" అని గర్జించదలచుకున్నాడు. బయటికి మాత్రం, "సరేలే, చూద్దాం," అన్నాడు.

ఆ వారమంతా కారు బేకరీ ముందే నిలబడి, వచ్చేపోయేవాళ్ళకి కన్ను కొట్టింది. బేకరీ యజమాని ఆయన్ను చూసినప్పుడల్లా పిండి చేతులు దులుపుకుంటూ బయటికొచ్చేవాడు.

"సెక్రటరీగారూ, నా వ్యాపారం పోయేట్టుంది."

"నీడ పడుతోందా?"

"నీడ కాదండీ బాబూ. అలాంటి కారు వచ్చి ఆగే బేకరీలో బన్ను ఎంత ఉంటుందో అని జనం భయపడి అటువైపు దుకాణానికి పోతున్నారు."

రోజూ సాయంత్రం పూజగదిలో దీపం పెట్టి కూర్చున్నప్పుడు కూడా ఆయనకి అదే ఆలోచన. ఇన్నేళ్ళూ ఆయన దేవుణ్ణి ఈ కారు అడిగాడు. అడిగిన ప్రతిసారీ ఏదో ఒక ఉపయోగం చెప్పి అడిగాడు. పెద్దవాళ్ళని గుడికి తీసుకెళ్తానన్నాడు, ఆపదలో ఉన్నవాళ్ళని ఆసుపత్రికి చేరుస్తానన్నాడు. రెండు సీట్ల బండిలో అవేవీ సరిగా కుదరవని ఆయనకీ తెలుసు, పైవాడికీ తెలుసు. అవసరం లేనిదాన్ని కోరుకోవడం తప్పా? తప్పే అయితే, ఆ నెమలి సంగతేమిటి? అంత బరువు వెనకేసుకుని, ఎగరలేక, వానలో తడిసి, అది ఏం బావుకుంటుంది? ఆ మాట పటం ముందు మెల్లగా అడిగాడు కూడా. పటంలో స్వామి ఎప్పటిలాగే చిన్నగా నవ్వుతూ ఉన్నాడు. ఔనని నవ్వాడో, వీడింతే అని నవ్వాడో తేలలేదు.

*

అలా ఆదివారం వచ్చింది.

యుద్ధభూమికి మొదట చేరినవాడు మెకానిక్కు. వెంట జాకీ, ఒక గోనెపట్టా, ఒక పొడుగాటి గునపం తెచ్చాడు. కారు గెలిచినా వెనక్కొచ్చినా తనకి నష్టం లేనివాడి ప్రశాంతత అతని ముఖంలో వెలిగిపోతోంది. బేకరీ యజమాని ఒక స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ధర్మపత్ని గేటు దగ్గర చేతులు కట్టుకుని నిలబడింది.

వీరుడు రథారోహణం చేశాడు. ఆ రథం అంత పొట్టిది కావడం వల్ల ఆరోహణమనడం కంటే అవరోహణమనడమే సబబు. ముందు ఒక కాలు లోపల పెట్టి, తలుపు పట్టుకుని, ఊపిరి బిగబట్టి, బావిలోకి బిందె జారినట్టు లోపలికి జారాడు. సీటు మూలిగింది. కారు ఆ పక్కకు కాస్త ఒరిగింది. ఆ ఒరగడాన్ని అప్పటికి ఎవరూ పట్టించుకోలేదు.

మొదటి దండయాత్ర సూటిగా సాగింది. ఇంజను గర్జించగా, పొగగొట్టం హుంకరించగా, బేకరీ గాజు అరల్లో బిస్కట్లు గడగడ వణకగా, కరెంటు తీగ మీది కాకి రణరంగాన్ని విడిచి పారిపోగా, వీరుడు పళ్ళు బిగించి, అంటే తన సొంత పళ్ళు బిగించి, ముందుచక్రాలను గిరిశిఖరం మీదికి ఎక్కించాడు. గర్ర్. దిగాడు.

"సూటిగా వద్దు సార్. ఐమూలగా రండి. ఒక్కో చక్రం ఎక్కుతుంది," అన్నాడు మెకానిక్కు.

రెండో దండయాత్ర ఐమూలగా సాగింది. ముందుచక్రమొకటి ఎక్కింది, రెండోదీ ఎక్కింది, దిగింది కూడా. వీరుడి ముఖం మీద విజయం తెల్లవారుతుండగా, బండి నడుం సరిగ్గా గిరి మీదికి వచ్చేసరికి, అలసిపోయిన గేదె గట్టు మీద చతికిలబడినట్టు కారు పొట్టతో కూలబడింది. ముందుకు పోదు. వెనక్కి రాదు. జాకీ పెట్టి లేపి, ముగ్గురూ కలిసి తోసి, మళ్ళీ బేకరీ వైపుకు దింపేసరికి అందరి చొక్కాలూ తడిసిపోయాయి.

మెకానిక్కు చెమట తుడుచుకుని, దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"సార్, ఎందుకీ పాట్లు? గునపం ఉంది. నడిమధ్యలో నాలుగు దెబ్బలు వేస్తే ఒక వేలు మందం రాలిపోద్ది. అడిగేదెవరు? అడగాల్సిన సెక్రటరీ మీరేగా."

వీరుడు గునపం వైపు చూశాడు. గునపం ఆయన వైపు చూసింది. ఒక్క వేలు మందం. తను వేయించిందే, తనే తీయిస్తే ఏం? గిరి మీద ఆయన చూపు నిలిచింది. దాని అంచున, కాలవ పక్కన, రొట్టె పడిన చోటు కనబడింది. ఇప్పటికీ రోజూ సాయంత్రం అత్తగారు సంచీ పట్టుకుని అక్కడే దాటుతుంది. మోటారుసైకిళ్ళు అక్కడికి రాగానే బుద్ధిగా తలలు వంచుకుని ఎక్కి దిగుతాయి. ఆమె వాటి వైపు కూడా చూడకుండా, రాణీగారిలా నడిచిపోతుంది.

"ఓయీ మెకానిక్కా! పెద్దల ప్రాణరక్షణకై నిలిపిన కోటగోడను నా విలాసరథం కోసం కూల్చమంటావా? నా కారు ఇల్లు చేరకపోతే పోవుగాక! ఈ గిరి మీది ఒక్క పెళ్ళ రాలనివ్వను!" అనే మాటలు ఆయన గుండెలో నగారాల్లా మోగాయి. నోట్లోంచి వచ్చిన మాట ఇది: "అబ్బే, వద్దులేవయ్యా. బాగోదు."

తరువాత బేకరీ మెట్టు మీద కూర్చుని, కారు వంక చూశాడు. అది కన్ను కొట్టింది. నిన్నగాక మొన్న ఎరిగినదాన్ని సాయంత్రానికి వేరొకరికి అప్పగించాలి. బేకరీ యజమాని అడక్కుండానే ఒక బన్ను చేతిలో పెట్టాడు. అలవాటుకొద్దీ కొరికాడు. కొరికిన బన్ను మీద తన పంటిగాట్లు చూశాడు. చూస్తూ ఉండిపోయాడు.

"ఒక్క నిమిషం," అని లేచి, ఆసుపత్రి వెనక గదికి వెళ్ళి, ఒక కాగితాల కట్టతో తిరిగొచ్చాడు.

కట్టుడుపళ్ళు నోట్లో పెట్టినప్పుడు ఎక్కడో వెంట్రుకవాసి ఎత్తు ఉంటే దవడ మూతపడదు. ఎక్కడ ఎత్తో కంటికి ఆనదు. అందుకని నీలిరంగు పూసిన పలుచని కాగితాన్ని పళ్ళ మధ్య పెట్టి కొరకమంటారు. ఎత్తున్న చోట నీలిమచ్చ పడుతుంది. అక్కడ మాత్రమే అరగదీస్తారు. మన దంతశిల్పి ఇప్పుడు ఆ నీలికాగితాలన్నిటినీ గిరిశిఖరం పొడవునా వరసగా పరిచి, చెదరకుండా టేపు అంటించి, మళ్ళీ రథంలోకి జారాడు.

"సెక్రటరీగారికి ఎండదెబ్బ తగిలిందా?" అన్నాడు బేకరీ యజమాని.

"కొరికించి చూస్తున్నారు," అంది ధర్మపత్ని గేటు దగ్గర్నుంచి. ఆమె ఆయన పని ఎరిగిన మనిషి.

కారు గిరిని కొరికింది. వెనక్కి తీసి, జాకీ పెట్టి లేపి, వీరుడు గోనెపట్టా మీద వెల్లకిలా పడుకుని పొట్ట కిందికి చూశాడు. చాలాసేపు బయటికి రాలేదు. వచ్చినప్పుడు ముఖం ఏదోలా ఉంది.

"ఏమైంది సార్?"

"అవతలి పక్క మచ్చే లేదు. అంతా ఇవతలి పక్కే."

"ఇవతలంటే, డ్రైవరు పక్కా?"

"ఆఁ."

మెకానిక్కు ఆయన్ను పైనుంచి కింది దాకా ఒకసారి చూశాడు. బేకరీ యజమాని కూడా చూశాడు. ఎవరూ ఏమీ అనలేదు. ఆ మర్యాదే ఎక్కువ బాధ పెట్టింది.

కాబట్టి శత్రువు గిరి కాదు. కారు కూడా కాదు. ఏళ్ళ తరబడి కదలకుండా కూర్చుని పళ్ళు అరగదీస్తూ తను పెంచుకున్న దేహభారమే రథాన్ని తొక్కిపట్టింది. తను దిగితే కారు దాటుతుంది. ఈ కారును నడపాలనే ఏకైక కోరికతో కొన్న మనిషి ఈ కారును ఇంటికి నడపకూడదు. ఈ పరీక్ష పెట్టినవాడు పటంలో ఎందుకు నవ్వాడో ఇప్పుడు కాస్త అర్థమైంది.

"ఎవరైనా తేలికైనవాళ్ళు కూర్చుని స్టీరింగు పట్టుకుంటే చాలు. ఇంజను వద్దు, తోసేద్దాం," అన్నాడు మెకానిక్కు. "నేను తోయాలి. మీరూ తోయాలి."

"నేనూ తోస్తా. పైగా నేనేం తేలిక?" అన్నాడు బేకరీ యజమాని. నిజమే.

"నేను పక్కన ఉండి బ్రేకు చూసుకోవాలి," అంది ధర్మపత్ని. "మీ ముగ్గురి మీద నాకు నమ్మకం లేదు."

అప్పుడు గేటు కిర్రుమంది. అత్తగారు బయటికొచ్చింది. ఉతికిన చీర, చేతిలో సంచీ, నోట్లో పళ్ళు.

అందరూ మాట్లాడటం ఆపేశారు.

ఆమె నింపాదిగా గిరి దాకా నడిచి, చెప్పుతో దాన్ని ఒకసారి తట్టి, అల్లుడి వంక చూసింది.

"బాబూ, ఇది నా కోసమే కదా వేయించావు?"

"అవునత్తయ్యా."

"ఆ రోజు నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నా. మేస్త్రీ చాలంటున్నా ఇంకొంచెం, ఇంకొంచెం అన్నావు. నా మూలానే కదా నీ కారు ఆగిపోయింది. నేనే దాటిస్తా. తలుపు తియ్యి."

"అమ్మా, నువ్వు సైకిలైనా తొక్కలేదే!" అంది కూతురు.

"తొక్కక్కర్లేదన్నారుగా. పట్టుకుంటే చాలన్నారు. పట్టుకోవడం నాకొచ్చు. నిన్ను అలాగే పట్టుకునే పెంచా."

ఇలా రథంలోకి సారథి వచ్చింది. ఆమె లోపలికి జారినప్పుడు సీటు మూలగలేదు. కారు ఒరగలేదు. ఆమె సంచీని పక్కసీటులో కూర్చోబెట్టి, చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని, "ఇది ఎటు తిప్పితే అటే పోతుందా?" అని అడిగి, అవునన్నాక తృప్తిగా తలూపింది.

మూడో దండయాత్ర మొదలైంది. కారు వెనక దంతశిల్పి, మెకానిక్కు, బేకరీ యజమాని భుజాలు ఆన్చారు. అవతలి తలుపు పక్కన ధర్మపత్ని నిలబడి, కప్పులేని కారులోకి చెయ్యి చాచి, హ్యాండుబ్రేకు మీద వేసి, వార్డులో ఎన్నో ప్రాణాలను ఈ లోకంలోకి పిలిచిన ఆ గొంతు విప్పింది.

"తొందరపడొద్దు. అందరూ ఊపిరి తీసుకోండి. ఆఁ... ఇప్పుడు తొయ్యండి!"

ముందుచక్రాలు గిరిశిఖరమెక్కాయి.

"ఆగండి. అరవకండి. అరిస్తే బలం పోతుంది. అమ్మా, కొంచెం కుడికి. అదీ. ఊపిరి తీసుకోండి. నొప్పి అనుకోకండి, అయిపోవచ్చింది. తొయ్యండి!"

వీరుడు తోశాడు. కళ్ళ ముందు ఎర్రటి ఇనుము తప్ప మరేమీ లేదు. యవ్వనంలో బురద చిమ్మి పోయిన ఆ ఎరుపే అది. అప్పుడు దాని వెనక నిలబడి చూశాడు. ఇప్పుడు దాని వెనకే వంగి, చెక్కిలి ఆన్చి, చొక్కా గుండీ ఒకటి తెగి బేకరీ వైపు ఎగిరిపోగా, చెవులు మాత్రం పొట్ట కింది శబ్దం కోసం రిక్కించి తోస్తున్నాడు. బండి నడుం గిరి మీదికి వచ్చింది. గర్ర్ మంటుందా? కాకి తిరిగొచ్చి తీగ మీద కూర్చుంది. బేకరీ యజమాని కళ్ళు మూసుకున్నాడు.

శబ్దం రాలేదు.

ఒక నీలికాగితం పట్టేంత సందుతో ఆ నిమ్నోదరి గిరి మీదుగా తేలిపోయింది. వెనకచక్రాలు ఎక్కాయి, దిగాయి. అవతల వీధి కాస్త పల్లం. కారు ముగ్గురి చేతుల్లోంచీ జారి తనంతట తానే పరుగందుకుంది. ధర్మపత్ని బ్రేకు మీద చెయ్యి తీయకుండా పక్కనే పరుగెత్తుతోంది. "అమ్మా, గేటు! గేటు చూడు!"

"చూస్తున్నానే! అరవకు!" అంది సారథి. కొంగు జెండాలా ఎగురుతుండగా చక్రం తిప్పింది. గేటు రెండు రెక్కల మధ్యనుంచి కారు లోపలికి వెళ్ళి, తులసికోటకు ఇంకాస్త ఎడముండగానే, ధర్మపత్ని బ్రేకు లాగడంతో ఆగింది. ఆ కుదుపుకి ఇన్నాళ్ళూ సగంలో ఆగిన ఎడమరెప్ప పూర్తిగా తెరుచుకుంది. కుడిరెప్ప మూసుకుపోయింది.

అత్తగారు హారను నొక్కింది. అది మోగింది. మళ్ళీ నొక్కింది. తరువాత నవ్వింది. వీరుడు ఆయాసపడుతూ గేటు దగ్గరికొచ్చేసరికి ఆ నవ్వు ఎదురైంది. తను చేసిన పళ్ళు, పైవరసా కిందివరసా, ఒక్కటీ దాచకుండా ఎండలో మెరిశాయి. గిన్నెలో నీళ్ళల్లో తప్ప వాటినంత పూర్తిగా ఆయన ఇన్నేళ్ళలో చూడలేదు. కుదురు బాగుంది. ఎక్కడా ఎత్తు లేదు.

ధర్మపత్ని ఊపిరి తీసుకుని, కొంగుతో ముఖం తుడుచుకుని ఆయన వైపు తిరిగింది.

"ఇప్పుడు చెప్పండి. ఎందుకు కొన్నారు?"

ఇప్పుడైనా ఆయన గుండెలో నగారాలు మోగాలి. మోగలేదు. అమ్ములపొది వెతుక్కున్నాడు. ఖాళీ. మోకాళ్ళు పట్టుకుని వంగి, ఉన్నమాట చెప్పాడు.

"ఇష్టం. అంతే. ఇంకేం లేదు."

"ఆ ముక్క సోమవారమే చెబితే సరిపోయేది కదండీ," అని ఆమె లోపలికెళ్ళి మంచినీళ్ళు తెచ్చింది.

మెకానిక్కు గునపం భుజాన వేసుకుని, "అయితే ఆ కాచుకున్నాయనకి లేదని చెప్పేస్తా సార్," అని వెళ్ళిపోయాడు. బేకరీ యజమాని తెగిపోయిన గుండీ వెతికి తెచ్చిచ్చాడు.

ఈ విధంగా, గిరి మీద ఒక్క పెళ్ళ రాలకుండా, ఆఖరి దండయాత్రలో రథం పొట్ట మీద కొత్త గీత పడకుండా, బేకరీ ముంగిట మొదలైన దిగ్విజయయాత్ర తన ఇంటి తులసికోట ముంగిట ముగిసింది. కాబట్టి దిక్కులారా, వినండి! కరెంటు తీగ మీది కాకీ, నలుగురికీ చెప్పు! సమస్త లోకంలో ఏ వీరుడూ ఇంత తక్కువ దూరాన్ని ఇంతమందితో ఇంత కష్టపడి జయించి ఎరగడు! ఈ వృత్తాంతాన్ని శ్రద్ధగా విన్నవారి బళ్ళకు పొట్ట తగలకుండుగాక, చదివినవారి కోరికలకు కారణాలు అడిగేవారు తగ్గుదురుగాక!

ఇంత ప్రకటన జరిగాక వీరుడు మెల్లగా కారు దగ్గరికి నడిచి, తలుపు తెరిచి, చెయ్యి అందించాడు.

"రండత్తయ్యా, దిగండి."

అత్తగారు స్టీరింగు వదల్లేదు.

"దిగుతాలే గానీ, బాబూ, రేపు నువ్వు దీన్ని బయట తిప్పాలంటే మళ్ళీ ఆ గుట్ట దాటాలి కదా?"

వీరుడి చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు.

"అయితే ఎన్నింటికి రమ్మంటావు?" అంది అత్తగారు.